నిమ్మకాయ ఊగుతోంది

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ ఉదయం గది కిటికీ అద్దానికి బయటివైపు ఒక బల్లి అంటుకుని ఉంది. లోపలి నుంచి చూస్తే దాని పొట్ట తెల్లగా, పలచగా కాగితంలా కనిపించింది. గొంతు దగ్గర ఒక్కచోట మాత్రం చర్మం కొట్టుకుంటోంది. మిగతాదంతా రాయిలా ఉంది. నోట్లో బ్రష్షు పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాను.

ఉద్యోగంలో మొదటి రోజు. ఆసుపత్రి మేడ మీద చిన్న గది. రెండు తెరలు, ఒక మైకు, ఒక ఫ్యాను. కోసిగి వైపు తిరిగే అంబులెన్సులో రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి ముందు అద్దం దగ్గర, రోడ్డు చూపిస్తుంది. ఇంకొకటి లోపల, రోగిని పడుకోబెట్టే మంచం చూపిస్తుంది. బండి నడుస్తుండగానే ఆ బొమ్మలు ఇక్కడికి, కర్నూలుకు వస్తాయి. డాక్టరు చూసి, ఏం చేయాలో బండిలో ఉన్న నర్సుకు చెబుతారు. కోసిగి నుంచి ఆదోని చేరేలోపు దారిలో పోయే ప్రాణాలు కొన్నయినా నిలుస్తాయని ఆశ. ఆరు నెలలు చేసి చూస్తారట.

బొమ్మ తెగకుండా చూసుకోవడం నా పని. సిగ్నల్ తగ్గితే బొమ్మను చిన్నది చేయాలి, పెరిగితే పెద్దది చేయాలి. అంతే. ఎవరితోనూ మాట్లాడే అవసరం ఉండదని ఇంటర్వ్యూలోనే చెప్పారు. అందుకే చేరాను.

నా పని బొమ్మ. బొమ్మలో ఏముందో చూడటం నా పని కాదు.

ఫిబ్రవరి 5

యంత్రంతో పాటు వచ్చిన పుస్తకం రెండుసార్లు చదివాను. కాన్వెంటులో బైబిలు కథలు కూడా ఇంత ఆశ్చర్యంగా చదవలేదు.

బండిలో రెండు కంపెనీల సిమ్‌లు ఉన్నాయి. బొమ్మ ముక్కలు ముక్కలుగా విడిపోయి, ఏ దారి దొరికితే ఆ దారిన టవర్ల మీదుగా వస్తుంది. వెనక బయలుదేరిన ముక్క ముందు రావచ్చు. ఇక్కడ అన్నీ మళ్ళీ వరుసలో కూర్చుంటాయి. ఇంకో మాట చదివి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మారనిదాన్ని యంత్రం మళ్ళీ పంపదట. బండి గోడ, ఆక్సిజన్ సిలిండరు, మంచం కమ్మీ ఒక్కసారి వస్తే చాలు. మారిన చోటునే చిన్న చిన్న గడులుగా పంపుతుంది. అంటే మనిషి కదలకుండా పడుకుని ఉంటే, ఊపిరికి లేచే ఛాతీ మాత్రమే కొత్తగా ప్రయాణం చేస్తుంది. కోసిగి నుంచి కర్నూలు దాకా గాలిలో వచ్చేది ఒక మనిషి ఊపిరి.

ఇది రాసిన మనిషికి తను ఏం రాశాడో తెలుసో లేదో.

మధ్యాహ్నం ముందు కెమెరాలో గొర్రెల మంద రోడ్డు దాటింది. కాపరి కర్ర అడ్డంగా పెట్టి బండిని ఆపాడు. గొర్రెలన్నీ దాటాక నా కళ్ళలోకి సూటిగా చూసి తల ఊపాడు. అతను చూసింది డ్రైవరు బొజ్జన్నను. నేనూ తల ఊపాను. బొమ్మ ఇక్కడికి చేరడానికి రెండు మూడు క్షణాలు పడుతుంది. నేను తల ఊపేసరికి అతను రోడ్డు దిగిపోయి ఉంటాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

బేతంచెర్ల నుంచి మా ఆయన పరమేష్ వచ్చాడు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎంత రుద్ది స్నానం చేసినా చెవుల వెనక తెల్లపొడి ఉంటుంది. పెళ్ళయి ఏడాది దాటినా ఇంకా ఆదివారాల కాపురమే.

"ఏం చూస్తావు దినమంతా?" అని అడిగాడు.

"రోడ్డు."

"రోడ్డు చూసేదానికి జీతమిస్తారా? మా బండల లారీ డ్రైవర్లకు చెప్తా, అందరూ వచ్చేస్తారు."

నవ్వాను. చెప్పాలనుకున్నవి చెప్పలేదు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 12

ఇవాళ తప్పు జరిగింది. ఎవరిదో తెలియదు.

మారెన్న అనే పెద్దాయన. గుండె నొప్పి. నర్సు నిస్సీ ఆయన్ను పడుకోబెట్టింది. డాక్టర్ ఉమామహేశ్వర గారు నా పక్కనే కూర్చుని తెర చూస్తున్నారు. పెద్దాయన కళ్ళు తెరిచి, నోరు కాస్త విప్పి, ఏదో చెప్పబోతున్నట్టు ఉన్నాడు. "ఇప్పుడు కాస్త నెమ్మదించినట్టుందమ్మా" అన్నారు డాక్టరు గారు. ఇద్దరం ఆ ముఖాన్ని చూస్తూ కూర్చున్నాం. నిజం చెప్పాలంటే ఆయన చూశారు, నేను తెర మూలనున్న సిగ్నల్ అంకెలు చూశాను.

తర్వాత బొమ్మ ఒక్కసారిగా దూకింది. మంచం మీద నిస్సీ మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ఛాతీ నొక్కుతోంది. అంతసేపూ మేం చూసింది పాత బొమ్మ. బండి గుట్టల మధ్యకు వెళ్ళింది, అక్కడ రెండు సిమ్‌లూ పనిచేయవు.

ఆగిపోయిన బొమ్మ ఎంత ప్రశాంతంగా ఉంటుందో.

పెద్దాయన బతికాడు. ఆదోని నుంచి కబురు వచ్చేదాకా డాక్టరు గారు గది వదలలేదు, టీ తాగలేదు.

ఫిబ్రవరి 13

బొమ్మ ఆగిందా, మనిషే కదలకుండా ఉన్నాడా? ఈ తేడా తెలియాలి. అంకెలు ఆలస్యంగా చెబుతున్నాయి. యంత్రం కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే కొత్త సాఫ్ట్‌వేర్ పంపుతామన్నారు.

బండి ముందు అద్దానికి బొజ్జన్న దిష్టికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టుకున్నాడు. ముందు కెమెరాలో అది రోజంతా ఊగుతూ కనిపిస్తుంది. అలాంటిదే ఒకటి లోపల, మంచానికి పైన, కెమెరాకు కనిపించేలా కట్టమని నిస్సీకి మెసేజ్ పెట్టాను. అది ఊగుతుంటే బొమ్మ బతికి ఉన్నట్టు.

నిస్సీ ఫోన్ చేసింది. "అక్కా, మేము చర్చికి పోయేటోళ్ళం. నిమ్మకాయ కట్టినానని మా పాస్టరయ్యకు తెలిస్తే?"

"దిష్టికి కాదు నిస్సీ. సిగ్నల్‌కు."

"అట్ల చెప్తే నమ్ముతాడంటావా?"

పక్కనుంచి బొజ్జన్న గొంతు: "నేను కడతాలే తల్లీ, పాపమొస్తే నాకే రానీ."

డాక్టరు గారు తెర చూసి పకపకా నవ్వారు. "లక్షల యంత్రానికి నిమ్మకాయే దిక్కయిందమ్మా" అన్నారు.

ఫిబ్రవరి 17

ఇవాళ ముగ్గురు రోగులు. నేను నిమ్మకాయనే చూశాను.

ఫిబ్రవరి 18

ఒక కాన్పు కేసు. బండిలో కాలేదు, ఆదోనిలో అయిందట. ఆ అమ్మాయి అరుపులకు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. నిమ్మకాయను చూశాను. నా పని బొమ్మ.

ఫిబ్రవరి 20

నెలాఖరుకు మానేస్తానని డాక్టరు గారికి చెప్పాను. ఎందుకన్నారు. కళ్ళు నొప్పి పుడుతున్నాయన్నాను.

"కళ్ళు నొప్పి చూసేవాళ్ళకొస్తుంది సుజనా. నువ్వు నిమ్మకాయను తప్ప ఏం చూస్తావు?"

కోపంగా అనలేదు. ఆయన గమనించారని నాకు తెలియదు. ముఖం వేడెక్కింది.

కళ్ళు నిజంగానే నొప్పిగా ఉన్నాయి. ఎండ, తెర వెలుగు. అంతకన్నా ఏమీ లేదు.

ఫిబ్రవరి 22

సాయంత్రం ఖాళీ బండి కోసిగికి తిరిగి వెళుతుంటే ముందు కెమెరా బొమ్మను పూర్తి పెద్దది చేసుకుని చూశాను. అవసరం లేదు. ఎర్రమట్టి, పత్తి కట్టెలు పీకేసిన చేలు, మధ్యలో ఏనుగులంత గుండ్లు. పొద్దు గుండ్ల వెనక దిగుతుంటే నిమ్మకాయ నల్లగా మారి వెలుగుకు అడ్డంగా ఊగింది. ఏ రోగీ లేడు. ఎవరికీ ఏమీ కావడం లేదు. అయినా ఒక లోకం ముక్కలై గాలిలో ఎగిరివచ్చి నా ముందు కూర్చుంటోంది. బొజ్జన్న ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నేను వింటున్నానని అతనికి గుర్తులేదు.

ఇది మానేస్తే మళ్ళీ ఎక్కడ చూస్తాను?

ఫిబ్రవరి 26

శివరాత్రి. రోడ్డంతా నడిచే జనం, అందరి చేతుల్లో ఫోన్లు, అందరూ దారి పొడుగునా ఇంటికి వీడియో చూపిస్తున్నారు. నా బొమ్మకు గాలిలో చోటు దొరకలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

సరిగ్గా జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున బండి కోసిగి నుంచి ఒక గర్భిణిని ఎక్కించుకుంది. పేరు శివలీల. ఎనిమిదో నెల. గుంటూరు మిరప తోటల్లో కోతకు పోయి, ఒంట్లో బాగాలేక పోయిన వారమే తిరిగొచ్చింది. మొగుడు ఇంకా అక్కడే ఉన్నాడు. వెంట అత్త తిమ్మమ్మ ఎక్కింది. నిస్సీ ఒంటరిగా చేయించే మొదటి కాన్పు ఇదే.

డాక్టరు గారికి కబురు పంపాను. ఆయన కింద వార్డులో ఉన్నారు. ఆయన మెట్లెక్కే లోపలే స్పీకర్లో బొజ్జన్న గొంతు వచ్చింది.

"సార్, అమ్మికి ఓర్సుకునేకి అయితాలేదు. ఈడ్నే పక్కకు ఆపేస్తాండా."

ముందు కెమెరాలో గుట్టలు కనిపిస్తున్నాయి. అక్కడ ఆపితే బొమ్మ ఉండదు, మాట ఉండదు. నిస్సీ ఒక్కతే మిగులుతుంది. మైకు నా ముందే ఉంది.

"అన్నా, ఆడ ఆపద్దు" అన్నాను.

"ఎవురు?"

"నేను. సుజన."

"సుజన మేడమా? మాట్లాడ్తారా మీరు?"

"గుట్టల్లో సిగ్నల్ రాదన్నా. మెల్లగా పోనీ. గుట్ట దాటినాక పసుపు నీళ్ళ ట్యాంకు వస్తాది కదా, ఆడికి పో."

"మీకెట్ల తెలుసు పసుపు ట్యాంకు?"

బొమ్మ తెగిపోయింది. తెర మీద శివలీల చేయి కమ్మీని పట్టుకుని అలాగే నిలిచిపోయింది. నిమ్మకాయ ఒక పక్కకు ఒరిగి గాలిలో ఆగిపోయింది.

డాక్టరు గారు వచ్చి కూర్చున్నారు. ఇద్దరం ఆ ఆగిన నిమ్మకాయను చూస్తూ ఉన్నాం. ఆయన పెదవులు కదులుతున్నాయి.

నిమ్మకాయ ఊగింది. వెంటనే తెరంతా ఎర్రగా అయిపోయింది. రక్తమనుకున్నాను. అది చీరకొంగు. ఎర్ర చీర. తిమ్మమ్మ తన కొంగు తెచ్చి కెమెరాకు కప్పేసింది.

"అమ్మా, ఆ గుడ్డ తీయండి, నేను డాక్టరును" అన్నారు ఆయన.

"అదే అంటాండా! మొగోడి గొంతు. ఈ కంట్లో నుంచి మొగోడు చూస్తాండాడు. మా ఇంట్లో కాన్పు తట్టు కట్టుకున్న మొగుడు గూడా తొంగి చూడడు. తీసేది లే."

"అవ్వా, చూడనీ అవ్వా, నాకు భయమయితాంది" అని నిస్సీ ఏడుపు గొంతు.

"నీకేం భయమే, నేను నలుగుర్ని కన్నదాన్ని."

డాక్టరు గారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి నావైపు చూశారు. తన కుర్చీని తిప్పుకుని గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నారు. గోడ మీద టీకాల పట్టిక ఉంది. దాన్ని చూస్తూ, "నువ్వు చూడు సుజనా. చూసింది చెప్పు" అన్నారు.

నా పని బొమ్మ.

"అవ్వా" అన్నాను. "నేను ఆడబిడ్డను. డాక్టరు సారు గోడ తట్టు తిరిగినాడు. చూసేది నేనొక్కదాన్నే."

"ఒట్టా?"

"ఒట్టు అవ్వా."

"పెండ్లయిందా?"

"అయింది."

"బిడ్డలుండారా?"

"లేరు."

"కనందానికి చూస్తే ఏం తెలుస్తాది తల్లీ?"

"ఏం తెలీదవ్వా. కనపడింది కనపడినట్టు చెప్తా. సారుకు తెలుస్తాది."

కాసేపు ఎర్రగానే ఉంది. తర్వాత కొంగు పక్కకు జరిగింది.

చూశాను.

కళ్ళు తిప్పుకోలేదు. "తల కనిపిస్తోంది సార్" అన్నాను. ఆ మాట నేనే అన్నానా అనిపించింది. బండి ఆపమందామా అని అడిగితే, "నెలలు నిండని బిడ్డ, ఆదోనిలో వెచ్చని పెట్టె సిద్ధం చేయించాను. నడకంత వేగంతోనైనా దగ్గర పడనీ" అన్నారు ఆయన. బొజ్జన్న బండిని గుడ్డు మోస్తున్నట్టు నడిపాడు. రోడ్డు మోతలో నిస్సీ మాట సగం సగమే వినిపిస్తోంది.

"మెడ చుట్టూ బొడ్డుతాడు ఉందా?"

"ఉంది సార్. ఒక చుట్టు."

"వేలితో తల మీదుగా తప్పించమను. లాగొద్దను."

చెప్పాను. నిస్సీ వేళ్ళు ఎంత నెమ్మదిగా తిరిగాయో. ఒక మనిషిలోంచి ఇంకో మనిషి రావడం చూశాను. పుస్తకాల్లో ఇది ఎన్నిసార్లు చదివానో, ఏ పుస్తకంలోనూ ఇది లేదు. భుజం, తర్వాత ఇంకో భుజం, తర్వాత మొత్తం ఒక్కసారిగా జారి నిస్సీ చేతుల్లోకి వచ్చింది. తెల్లటి పూత, నీలం రంగు, తడి జుట్టు.

స్పీకర్లో టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏడుపు వినబడలేదు" అన్నారు డాక్టరు గారు గోడతో. "కదులుతోందా?"

"లేదు సార్."

"బొమ్మ ఆగిందేమో చూడు."

చూశాను. ఆగి ఉంటే బాగుండునని చూశాను.

"నిమ్మకాయ ఊగుతోంది సార్. బిడ్డే కదలడం లేదు."

ఆయన గొంతు మారలేదు. ఒక్కొక్క మాటే చెప్పారు, నేను ఒక్కొక్క మాటే అందించాను. పొడిగుడ్డతో తుడువు. వీపు రుద్దు. నోరు తుడువు. కదులుతోందా? లేదు. మాస్కు పెట్టు. గాలి సంచి నొక్కు. "ఛాతీ లేస్తోందా?"

మంచం మారలేదు. కమ్మీ మారలేదు. బిడ్డ ఉన్న చోట ఒక్క గడీ మారలేదు. నిస్సీ చెయ్యి నొక్కుతోంది, దాని కింద అంతా పాత బొమ్మ.

"లేవడం లేదు సార్."

"తల కొంచెం వెనక్కి. ముక్కు ఆకాశాన్ని చూడాలి. మాస్కు గట్టిగా అదమమను. మళ్ళీ నొక్కమను."

"నిస్సీ, తల వెనక్కి. ఇంకొంచెం. ముక్కు పైకి. ఇప్పుడు నొక్కు."

అరచేతి అంత ఛాతీ. దాని మీద ఒక చిన్న గడి మారింది. ఎడమవైపు. పక్కనే ఇంకొకటి. వచ్చిన గడులు పూర్తిగా అమరకముందే ఇంకొన్ని వచ్చాయి.

"లేస్తోంది" అన్నాను. "సార్, లేస్తోంది, లేస్తోంది."

"నొక్కుతూనే ఉండమను. రంగు చెప్పు."

"నీలం. పెదవుల దగ్గర… పెదవుల దగ్గర ఎర్రబడుతోంది."

కాలు తన్నింది. ఒక్క కాలు, ఎవరో పిలిస్తే ఉలిక్కిపడ్డట్టు. నిస్సీ మాస్కు తీసింది. నోరు తెరుచుకుంది, ఎంతో పెద్దగా, ముఖమంతా నోరే అయినట్టు. శబ్దం లేదు. నోరు తెరిచిన బొమ్మ ముందు వచ్చింది, ఏడుపు దారిలో ఉంది. ఆ కాస్త ఎడం ఎంత పెద్దదో చెప్పలేను. తర్వాత స్పీకరు పగిలేలా ఏడుపు వచ్చింది.

డాక్టరు గారి వీపు కదిలింది. చేత్తో ముఖం తుడుచుకున్నారనుకుంటాను, నాకు వీపే కనిపించింది.

"ఏ బిడ్డ?" అన్నారు.

"ఆడబిడ్డ సార్."

"నేను తిరగొచ్చా?"

"అవ్వను అడగాలి సార్."

అడిగాను. తిమ్మమ్మ కోడలి చీర సర్ది, దుప్పటి కప్పి, బిడ్డను ఆమె రొమ్ము మీద పడుకోబెట్టించి, అప్పుడు కెమెరా దగ్గరగా వచ్చింది. తెర నిండా ముడతల ముఖం, ముక్కుకు రెండు వైపులా పుడకలు.

"తిరగమనమ్మా ఆ మొగాయన్ని. శానాసేపు గోడకు కూసున్యాడు పాపం." తర్వాత కెమెరా కంటికే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "యాడుండావో తల్లీ నువ్వు. కన్నదానివి కాకపోయినా బాగా చూసినావు."

తల ఊపాను. ఆమెకు కనిపించదు.

ఫిబ్రవరి 28

తల్లీ బిడ్డా ఆదోనిలో ఉన్నారు. బిడ్డను వెచ్చని పెట్టెలో పెట్టారు. పాలు తాగుతోందట.

అనుకున్న ప్రకారం ఇవాళ నా చివరి రోజు. డాక్టరు గారు ఫైలు చూస్తూ, "కళ్ళ నొప్పి ఎట్లా ఉంది?" అన్నారు.

"తగ్గింది సార్."

"రేపు రా" అన్నారు, తల ఎత్తకుండా.

మార్చి 1

బొజ్జన్న లోపల కొత్త నిమ్మకాయ కట్టాడు. నేను మంచాన్ని చూశాను. ఒక ముసలాయన, కాలు విరిగింది, దారి పొడుగునా డ్రైవర్ని తిట్టాడు. ఎంత అందంగా తిట్టాడో.

ఏది చూసినా అలా అనిపిస్తోంది. బస్సులో పక్కనున్న ఆమె మెడ దగ్గర నరం కొట్టుకుంటుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఇంతమంది, ప్రతి ఒక్కరూ, ఎవరో ఒకరు తల వెనక్కి వంచితేనో, ఎవరూ వంచకుండానో, మొదటిసారి ఊపిరి తీసుకున్నవాళ్ళే. ఇంత పెద్ద సంగతిని అందరూ మరచిపోయి టిక్కెట్టు చిల్లర కోసం గొడవ పడుతున్నారు.

మార్చి 2, ఆదివారం

పరమేష్ వచ్చాడు. జరిగిందంతా చెప్పాను. నేను అంతసేపు ఏకబిగిన మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వేనా చూసింది?" అన్నాడు.

"నేనే."

"భయం కాలేదా?"

"అయింది. ఇప్పటికీ ఉంది."

"మా అమ్మకు చెప్పొద్దులే. ఇట్లాంటివి చూస్తాండావంటే ఊరుకోదు."

"నేనే చెప్తా అత్తమ్మకు" అన్నాను.

సాయంత్రం బస్టాండు దాకా వెళ్ళాను. ఎప్పుడూ గది గుమ్మం దగ్గరే ఆగిపోతాను. బేతంచెర్ల బస్సు స్టార్టు చేసి ఉంది. కండక్టరు తొందరపెడుతున్నాడు. పరమేష్ ఒక కాలు మెట్టు మీద పెట్టాక చొక్కా పట్టుకుని ఆపి, చెప్పాను.

నాకు మూడో నెల.